అద్దం నిలబడే ఉంది

"ఆ ఫొటో బయటికొచ్చేదాకా నా సంచి ఈ గుమ్మం దగ్గరే ఉంటుంది," అంది వదిన. "వస్తే లోపలికి తెచ్చుకుంటా. రాకపోతే సాయంత్రం బస్సెక్కి మా అక్క దగ్గరికి పోతా. ఇందులో అరవడానికి ఏముంది?"

అరుస్తున్నది ఆవిడ కాదు, మా అన్నయ్య.

"ఫొటో ఫొటో అని ప్రాణం తోడేస్తున్నావు! లాడ్జి ఆవిడకి పంపాం కదా, ఏమంది? మసకగా ఉంది, అట్ట మీద పేరు కనబడట్లేదు, ఇవాళ తీసి పంపారేమో ఎవరికి తెలుసు అంది. ఇంకా ఏ మొహం పెట్టుకుని పంపమంటావు?"

"మెసేజీలో పంపితే చిక్కి సగమై వెళ్ళింది. అసలుది ఫోన్‌లోనే ఉంది. పెద్దది చేసి చూస్తే పేరూ కనబడుతుంది, తేదీ కూడా తెలుస్తుంది. చూద్దామంటే ఆ ఫోన్‌ని గోడకేసి కొట్టిందెవరు?"

అన్నయ్య కిటికీ వైపు తిరిగాడు. బల్ల మీద వదిన ఫోన్ పడి ఉంది. తెర పై సగం బతికి ఉంది, కింది సగం నల్లగా చచ్చిపోయింది.

నేను సంచి వైపు చూశాను. దుకాణంలో కూర్చున్నవాడికి ఒక లెక్క తెలుసు. కొనేవాడు లేచి చెప్పులేసుకుంటే అది బేరం. గుమ్మం దాటాక కూడా వెనక్కి చూడకపోతే అది నిజం. వదిన సంచికి జిప్పు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా లాగి ఉంది. అందులో బేరం వాసన లేదు.

మాది అద్దాల వ్యాపారం. కింద గోడౌన్, పైన ఇల్లు. ఈ వ్యాపారానికి నాన్న వేసిన పునాది ఒకటే మాట: గాజు నిలబడి ప్రయాణం చెయ్యాలి. అంచు మీద నిలబెడితే తన బరువు తానే మోసుకుంటుంది. పడుకోబెడితే ప్రతి గుంతకీ నడుం వంగుతుంది, ఏదో ఒక గుంతలో విరుగుతుంది. మా ఇంట్లో పిల్లలకి నడక కంటే ముందు ఈ మాట వస్తుంది.

అలాంటిది, కొత్త లాడ్జి ముందు హాలుకి పంపిన పెద్ద అద్దం, వ్యాన్ తలుపు తెరిచేసరికి పడుకుని ఉంది. అట్ట విప్పితే ఈ మూల నుంచి ఆ మూలకి పగులు.

ప్యాకింగ్ చేసిందీ, వ్యాన్‌లో ఎక్కించిందీ వదిన. అన్నయ్య ఇంకేమీ అడగలేదు. లాడ్జి ఆవిడ ముందు, ఆవిడ పనివాళ్ళందరి ముందు, "ఇది నా భార్య చేతగానితనం. ఇకమీదట ఆమె గోడౌన్ మెట్లు దిగదు," అనేశాడు. పోయిన అద్దానికి మారు ఇంకో అద్దం ఇవ్వచ్చు. ఆ మాటకి మారు ఇవ్వడానికి మా గోడౌన్‌లో సరుకు లేదు.

వదిన చెప్పింది ఒకటే. "నిలబెట్టాను. తాడు కట్టాను. తలుపేసే ముందు ఫొటో తీశాను."

ఫొటో తీసిన మాట నిజమే. ఫోన్ బాగున్నప్పుడు అందరం చూశాం. కానీ అట్ట చుట్టాక ఏ అద్దమైనా ఒకటే. "ఇలాంటి ఫొటోలు నీ ఫోన్‌లో బోలెడున్నాయి. ఇది దానిదే అని ఏమిటి గ్యారంటీ?" అన్నాడు అన్నయ్య. అక్కడ మాట పెరిగింది, ఫోన్ ఎగిరింది.

డ్రైవర్‌ని అడిగితే నేల చూపులు చూశాడు. "నేను ముట్టుకోలేదు సార్. ఎలా ఉంటే అలా తెచ్చాను. పెద్దోళ్ళ మధ్య నన్ను లాగకండి."

"తగువు తర్వాత పడండి. ముందు ఈ వైరెక్కడ పెట్టాలో చూడనివ్వండి," అంటూ మా ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుంది. బిల్లుల పని తనదే కాబట్టి ఆ కుర్చీ కూడా తనదే. వైరు ఒక కొన ఫోన్‌కి, ఇంకో కొన కంప్యూటర్‌కి పెట్టింది.

ఫోన్ మీద ఛార్జింగ్ గుర్తు వెలిగింది. కంప్యూటర్‌లో చలనం లేదు.

"కరెంటు పోతోందిగా! మరి ఫొటోలు రావేం?" అన్నాడు అన్నయ్య.

"ఇది టేబుల్ ల్యాంపుతో వచ్చిన వైరు బావగారూ. కరెంటు మోస్తుంది, సరుకు మొయ్యదు."

కూలీల్లోనూ ఇలాంటివాళ్ళుంటారు. భోజనాల వేళకి ముందుంటారు, మూటెత్తే వేళకి కనబడరు. పైకి చూస్తే అందరూ మనుషులే.

"ఫోన్‌తో వచ్చిన వైరు నా బల్ల సొరుగులో ఉంది," అంది వదిన. తను లేవలేదు. ఆ సొరుగు గోడౌన్‌లో ఉంది మరి.

నేనే దిగాను. ఆవిడ బల్ల మీద టేపు చుట్టలు పెద్దది నుంచి చిన్నదానికి వరసగా ఉన్నాయి. చేతి తొడుగులు మేకుకి వేలాడుతున్నాయి, వేళ్ళు ఇంకా ఆవిడ చేతి వంపులోనే ఉన్నాయి. పక్కన సగం అట్ట చుట్టిన అద్దం ఒకటి. ఆవిడ వదిలేసిన దగ్గరే ఆగిపోయింది, ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ కట్టిన ప్యాకింగు విప్పలేక కొన్నవాళ్ళు విసుక్కుంటారు. గాజు వ్యాపారంలో అంతకుమించిన పొగడ్త లేదు. ఈవిడ వెళ్ళిపోతే పోయేది ఒక మనిషా, ఒక వ్యాపారమా అని లెక్క వెయ్యబోయి, ఆ లెక్క వేసినందుకు నాకే సిగ్గేసి, వైరు తీసుకుని పైకొచ్చాను.

ఈలోగా అన్నయ్య జుట్టు సవరించుకోవడానికి హాలు గోడ దగ్గరికి వెళ్ళి బోడి మేకు ముందు నిలబడి ఉన్నాడు.

"నాన్నా, ఇక్కడి కోల అద్దం ఏది?"

"ఫ్రేము వదులైంది. వడ్రంగికి ఇచ్చా," అన్నాడు నాన్న, పేపరు మీంచి తల ఎత్తకుండా. కిటికీ పక్క కుర్చీ ఆయనది. చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి గాజు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు, మేమూ చెప్పాం. అప్పటి నుంచి ఆయన చేతుల్లో పేపరు ఉంటోంది.

ఆ కోల అద్దం నాన్న స్వయంగా చేసిన మొదటిది. దాన్ని మంచం పట్టిన తన పాత భాగస్వామికి పంపాలని కొంతకాలంగా అంటున్నాడు. లాడ్జి దారిలోనే ఆయన ఇల్లు. "వ్యాన్‌లో చోటు లేదు నాన్నా, తర్వాత చూద్దాం," అని నేను వాయిదా వేస్తూ వచ్చాను. వడ్రంగి దగ్గరికి వెళ్ళిందంటే ఇంకొన్నాళ్ళు అడగడు, మంచిదే అనుకున్నాను.

అసలు వైరు పెట్టగానే కంప్యూటర్ టింగుమంది. తెర మీద ఫోన్ బొమ్మ వచ్చింది. మా ఆవిడ దాన్ని తెరిచింది.

లోపల ఏమీ లేదు.

"ఖాళీ!" అన్నాడు అన్నయ్య. గొంతులో గెలుపు ఉందో భయం ఉందో నాకు తెలియలేదు. "విన్నావా? ఖాళీ!"

"ఖాళీ కాదు బావగారూ, తాళం. షట్టర్ దించి ఉన్న దుకాణంలోకి తొంగి చూసి సరుకు లేదంటే ఎలా? అక్కా, ఫోన్ తెరువు."

నంబర్లు నొక్కే చోటు చచ్చిన సగంలో పడింది. వదిన వేలిముద్ర మీట మీద బొటనవేలు పెట్టింది. ఫోన్ ఒప్పుకోలేదు. మళ్ళీ పెట్టింది. ఒప్పుకోలేదు. గాజు అంచులూ టేపూ కలిసి ఆ వేలి గీతల్ని ఎప్పుడో అరగదీశాయి.

"నీ ఫోనే నిన్ను గుర్తుపట్టట్లేదు," అన్నాడు అన్నయ్య.

వదిన ఆయన వైపు చూసింది. "అలవాటే. ఇంట్లోవాళ్ళూ గుర్తుపట్టట్లేదుగా."

వదిన వేలికి నోటి ఆవిరి పట్టి, మోకాలికి రుద్ది, మెల్లగా మళ్ళీ పెట్టింది. తాళం వీడింది.

వెంటనే ఫోన్ మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ కంప్యూటర్‌ని మీ ఫొటోలు చూడనివ్వాలా? ప్రశ్న కనబడుతోంది. జవాబు నొక్కాల్సిన చోటు మాత్రం నల్లటి సగంలో ఉంది. మా ఆవిడ అక్కడ వేలితో పొడిచింది, అరచేత్తో తట్టింది, తిట్టింది. చచ్చినదాన్ని తిడితే ఏం లాభం?

"పోనిద్దురూ," అన్నాడు నాన్న. "పోయిన అద్దం ఎలాగూ పోయింది. ఆ వైరు పీకి అవతల పెట్టండి. ఇంట్లో ఇంత రభస దేనికి?"

"మీకేం మావయ్యా," అంది వదిన. గొంతు కఠినంగా లేదు, అలసిపోయి ఉంది. "అద్దం నిలబెట్టాలని నాకు నేర్పింది మీరే. పడుకోబెట్టానన్న మాట మీ కోడలి మీద ఉంటే మీకు బాగుంటుందా?"

నాన్న పేపరు మడిచి మళ్ళీ విప్పాడు.

"ఇటివ్వు," అని వదిన ఫోన్ అందుకుంది. "గుమ్మంలో పట్టని అద్దాన్ని ఏం చేస్తాం? తిప్పుతాం."

ఫోన్‌ని అడ్డంగా పట్టుకుంది. ప్రశ్న కూడా అడ్డం తిరిగింది. ఒక పక్కకి తిప్పితే 'వద్దు' అనే మాట బతికిన సగంలోకి వచ్చింది. రెండో పక్కకి తిప్పింది. 'సరే' వచ్చింది. నొక్కింది.

కంప్యూటర్ తెర నిండా బొమ్మలు బిలబిలమంటూ దిగాయి. అద్దాలు, అట్టలు, తాళ్ళు, మళ్ళీ అద్దాలు.

"లే, నేను చూస్తా," అని అన్నయ్య మౌస్ లాక్కున్నాడు. మొదటి నుంచి చివరిదాకా అన్నీ పట్టుకుని ఒక్కసారిగా కంప్యూటర్‌లోకి ఈడ్చాడు. పచ్చ గీత కొంచెం జరిగింది, ఆగింది. ఇంకొంచెం జరిగింది. తర్వాత పరికరం అందడం లేదని ఒక వాక్యం వచ్చి మొత్తం బిగుసుకుపోయింది.

"అయ్యో రామా!" మా ఆవిడ తల పట్టుకుంది. "ఒక్క అద్దం అమ్మాలంటే గోడౌనంతా వ్యాన్‌కి ఎక్కిస్తారా మీరు? ఆ పాత కంప్యూటర్‌కి ఊపిరాడద్దూ?"

"అన్నీ వస్తే వెతుక్కోవచ్చు కదా అని..."

"నీకు ఎప్పుడూ అంతే," అంది వదిన. "ఒక మాట చాలిన చోట అన్ని మాటలూ ఒకేసారి దింపుతావు."

ఆయన మౌస్ వదిలేశాడు. నా వైపు చూశాడు, నేను సాయం వస్తానని. నేను రాలేదు. అన్నదమ్ముల వ్యాపారంలో అన్న తప్పుకి తమ్ముడు జామీను ఉండే రోజులుంటాయి. ఇవాళ ఆ రోజు కాదు.

వైరు తీసి మళ్ళీ పెట్టారు. మళ్ళీ తాళం, మళ్ళీ వేలు, మళ్ళీ ప్రశ్న. ఈసారి మా ఆవిడ ఆ రోజు ఫొటో ఒక్కటే వెతికి పట్టుకుని తెచ్చింది. కళ్ళు మూసి తెరిచేలోగా వచ్చేసింది. దాని పేరు పక్కన తేదీ కూడా వచ్చింది.

ఇవాళ్టి తేదీ.

అన్నయ్య ముందుకి వంగాడు, చదివాడు, నిటారుగా లేచాడు. "ఇవాళ్టిది! లాడ్జి ఆవిడ అన్నదే నిజమైంది. అద్దం అక్కడ పగిలి పడుంటే, ఇవాళ పొద్దున ఏదో పాత అద్దానికి అట్ట చుట్టి ఫొటో తీస్తావా? నా కళ్ళకే గంతలు కడతావా?"

వదిన మొహంలో రక్తం లేదు. మెల్లగా గుమ్మం వైపు నడిచి సంచి పట్టీ పట్టుకుంది.

"అక్కా, ఆగు! కదిలావంటే నా మీదొట్టే," అంది మా ఆవిడ, మౌస్ వదలకుండా. "బావగారూ, ఇది సరుకు మన గోడౌన్‌లో దిగిన తేదీ. తయారైన తేదీ లోపలుంటుంది. డబ్బా మీద మనం రాసుకునేది వేరు, ఫ్యాక్టరీ వాడు ముద్ర వేసేది వేరు. ఆ మాత్రం మీకు తెలీదూ?"

ఫొటో మీద కుడి మీట నొక్కి, వివరాలు తెరిచింది. తీసిన తేదీ అన్న మాట పక్కన ఉంది. వ్యాన్ లాడ్జికి బయలుదేరిన రోజు. బయలుదేరడానికి కాస్త ముందు.

వదిన సంచి పట్టీ వదిలింది గానీ సంచి దగ్గరే నిలబడింది.

"సరే," అన్నాడు అన్నయ్య చివరికి, గొంతు సవరించుకుని. "రోజు కుదిరింది. అద్దం అదేనా? అట్ట మీద లాడ్జి పేరు చూపించు. అప్పుడు ఒప్పుకుంటా. ఆవిడకి నేనే ఫోన్ చేసి చెప్తా, నేను అన్నది తప్పని. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెప్తా."

అన్నయ్య నోట అంత పెద్ద మాట నేనెప్పుడూ వినలేదు. వదిన కూడా విని ఉండదు. తల ఎత్తింది.

అప్పుడే అన్నయ్య ఫోన్ మోగింది. లాడ్జి ఆవిడ. "ఆఁ మేడమ్, చూస్తున్నాం మేడమ్, ఇదిగో ఇప్పుడే..." అంటూ బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

మా ఆవిడ ఫొటో తెరిచింది.

వ్యాన్ వెనక భాగం. మధ్యలో పెద్ద అద్దం, అట్ట చుట్టి, అంచు మీద నిటారుగా. అడ్డంగా తాడు, రెండు వైపులా ముడి. మా ఆవిడ పెద్దది చేసింది. అట్ట మూల మీద లాడ్జి పేరు, వదిన చేతిరాతలో, ఒక్కో అక్షరం విడివిడిగా.

"నిలబడే ఉంది," అన్నాను. గుండెల మీంచి పెద్ద పలక దించినట్టయింది. "వదినా, రా, చూడు. నిలబడే ఉంది!"

వదిన వచ్చింది. నవ్వు ఇంకా పెదవుల దాకా రాలేదు, కళ్ళలో మాత్రం మొదలైంది. "ఆ పక్క ముడి కూడా చూపించు చెల్లీ. దాన్ని విప్పాలంటే ఎవడైనా పళ్ళతో లాగాల్సిందే."

మా ఆవిడ బొమ్మని పక్కకి జరిపింది. ముడి వచ్చింది. దాని పక్కన, వేరే ఇంటికి పంపాల్సిన బీరువా తలుపుల అద్దాలు నిలబెట్టి ఉన్నాయి. వాటికి అంచులకే అట్ట. మధ్యంతా ఖాళీ గాజు.

మేం అద్దాల వాళ్ళం. అద్దాన్ని చూస్తాం, అద్దంలోకి చూడం. గీత ఉందా, మచ్చ ఉందా, బుడగ ఉందా, అంతే. లోపల ఎవరున్నారో మాకు లెక్కలేదు. అందుకే ఆ ఫొటోని ఫోన్‌లో మేమందరం చూశాం, ఎవరమూ చూడలేదు.

ఇప్పుడు అది మొహమంత పెద్దదై మా ముందుంది. బీరువా అద్దంలో వదిన, ఫోన్ ఎత్తి పట్టుకుని. ఆమె వెనక, గోడౌన్ గుమ్మంలో, నాన్న. గుండెలకి హత్తుకున్న దుప్పటి. దుప్పటి మడతలోంచి బయటికి వచ్చిన కోల అద్దం వంపు. చూపంతా వ్యాన్ మీదే. ఆవిడ ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్న చూపు.

నేను గోడ మీది బోడి మేకు వైపు చూశాను. లెక్క తనంతట తానే కుదిరింది. తనది ఎక్కించాలి. చోటు లేదు. పెద్దదాన్ని పడుకోబెడితే చోటు అదే వస్తుంది. దారిలో తనది దింపమని డ్రైవర్‌కి ఒక మాట చెబితే చాలు. చోటు లేదన్నది నేను. ముడి విప్పింది ఆ వణికే చేతులు.

మా ఆవిడ "అమ్మో" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

వదిన చెయ్యి చాచి తెర ఆపేసింది. నల్లటి తెరలో మా ముగ్గురి మొహాలూ కనబడ్డాయి.

"తెరుచుకోలేదని చెప్పు మరిదీ," అంది, పెదవులు కదిలీ కదలకుండా. "చెడిపోయి వచ్చిందని చెప్పు."

"నీకేమైనా పిచ్చా వదినా? నీ పని, నీ మాట, ఆ సంచి..."

"నన్ను అన్న నోరే ఆయన్నీ అంటుంది. ఇంకా ఎక్కువే అంటుంది. నేను సంచి సర్దుకుని పోగలను. ఆయన ఎక్కడికి పోతాడు?"

"ఆయన చూస్తూ ఊరుకున్నాడు అక్కా," అని గొణిగింది మా ఆవిడ. "ఇన్నాళ్ళూ నిన్ను అంటుంటే వింటూ కూర్చున్నాడు."

వదిన తెర మీట మీంచి చెయ్యి తియ్యలేదు.

బాల్కనీ తలుపు తెరుచుకుంది. అన్నయ్య ఫోన్ చేత్తో మూసి తల లోపలికి పెట్టాడు. మొహంలో తొందర, దాని వెనక ఆశ. "లైన్లోనే ఉంది రా. వచ్చిందా? అద్దం అదేనా?"

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ క్షణం తెలిసింది. అవునంటే, మరి పడుకోబెట్టిందెవరని ఫొటో అంతా గాలిస్తాడు, ఒకరు పోతారు; కాదంటే ఇంకొకరు. ఎటు కోసినా ఇంట్లోంచే. బేరానికి మధ్య మాట ఏదో ఒకటి ఉంటుందని ఇన్నేళ్ళూ నమ్మి బతికినవాణ్ణి. వెతికాను. దొరకలేదు.

నోరు తెరిచాను.

వెనక కుర్చీ కిర్రుమంది. పేపరు నేల మీద పడిన చప్పుడు. నాన్న మమ్మల్ని దాటుకుని నడిచాడు, ఎవరి మొహమూ చూడలేదు. గుమ్మం దగ్గర వంగి, వదిన సంచిని రెండు చేతులతో ఎత్తాడు. చేతులు వణుకుతున్నాయి. సంచిని తెచ్చి లోపల, గోడకి ఆనించి, నిలబెట్టాడు. పడిపోతుందేమోనని ఒక క్షణం పట్టుకుని చూశాడు. నిలబడింది.

తర్వాత మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళి తన చెప్పులు వేసుకున్నాడు.

"నాన్నా, ఎక్కడికి?" అన్నాడు అన్నయ్య, ఏమీ అర్థంకాక.

నాన్న గుమ్మం దాటాడు. నేను ఆయన మెడ వైపే చూస్తున్నాను, అది ఇటు తిరుగుతుందేమోనని. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఒకటొకటిగా కిందికి దిగుతోంది.